ప్రోగ్రామింగ్ పేపరుకు మార్కులు ఎలా పడతాయి?

కొత్తగా ఇంజనీరింగులో చేరి మన హాస్టల్‌కు వచ్చిన తమ్ముళ్లు మొదటి మిడ్ పరీక్ష రాసిన రోజు రాత్రి మా గది తలుపు కొట్టి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ప్రోగ్రామ్ సగమే రాసిన. మార్కులు పడ్తయా, సున్నానేనా?" ఏటా ముఖాలు మారుతున్నాయి కానీ ప్రశ్న మారడం లేదు. వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమని వార్డెన్ సార్ చెప్పినప్పుడు మా నలుగురికీ మొదట గుర్తుకొచ్చింది ఇదే.

మేము 2022లో జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలల్లో చేరిన వాళ్లం. నలుగురిలో ముగ్గురం పదో తరగతి దాకా తెలుగు మీడియం. కంప్యూటర్ కీబోర్డు మీద మొదటిసారి వేళ్లు పెట్టింది కాలేజీ ల్యాబ్‌లోనే. మొదటి సంవత్సరంలో మాకు 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్' అనే సబ్జెక్టు ఉండేది. అంటే సి భాష. ఎంపీసీలో లెక్కలు బాగా చేసిన వాళ్లం కూడా ఈ పేపరు దగ్గర తడబడ్డాం. పాఠం అర్థం కాకపోవడం ఒక కారణం. మార్కులు ఎక్కడ పడతాయో, ఎక్కడ పోతాయో తెలియకపోవడం రెండో కారణం. మొదటిది సార్లు చూసుకుంటారు. రెండోది మేము చెబుతాం.

ముందుగా లెక్క. మా బ్యాచ్‌కు వర్తించిన ఆర్22 నిబంధనల ప్రకారం ఒక థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 40 ఇంటర్నల్, 60 సెమిస్టర్ చివరి పరీక్ష. ఇంటర్నల్ 40లో మిడ్ పరీక్షకు 30, అసైన్‌మెంట్లకు 5, వైవా లేదా ప్రజెంటేషన్ లాంటి వాటికి 5. మిడ్ 30లో 10 మార్కులు క్విజ్, అంటే బిట్ పేపరు. మిగిలిన 20 రాతపూర్వక జవాబులకు. రెండు మిడ్‌లు పెట్టి సగటు తీస్తారు. చివరి పరీక్ష 60లో ఒక్కో మార్కు ప్రశ్నలు పది, పది మార్కుల ప్రశ్నలు అయిదు. నిబంధనలు కొన్నేళ్లకోసారి మారుతుంటాయి, స్వయం ప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. కాబట్టి మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం తెచ్చుకుని ఆ నాలుగు పేజీలు తప్పక చదవండి. మేము మొదటి సెమిస్టర్ అయిపోయాక చదివాం. అదే పొరపాటు.

పాస్ కావడానికి మూడు గడపలు దాటాలి. ఇంటర్నల్‌లో 40కి 14, చివరి పరీక్షలో 60కి 21, రెండూ కలిపి 100కి 40. ఈ మూడూ వేర్వేరు. మా నలుగురిలో ఒకడికి ఇంటర్నల్‌లో 26, చివరి పరీక్షలో 19 వచ్చాయి. మొత్తం 45. నలభై దాటింది కదా, పాసయ్యానని ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడు మార్కుల జాబితాలో సబ్జెక్టు ఎదురుగా ఎఫ్ గ్రేడు చూశాడు. పోయింది రెండు మార్కులు. ఆ రెండు మార్కుల కోసం సప్లిమెంటరీ ఫీజు కట్టాల్సి వచ్చింది, తండ్రికి రెండోసారి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఫీజు సంగతి ఎలాగో గడిచింది కానీ, ఆ రెండో ఫోన్ సంగతి వాడు ఇప్పటికీ మాట్లాడడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ పరీక్షలో రెండు మాత్రికల గుణకారానికి ప్రోగ్రామ్ రాయమని పది మార్కుల ప్రశ్న వచ్చింది. మావాడు ప్రకటనలు రాశాడు, రెండు మాత్రికలు చదివే లూప్‌లు రాశాడు, గుణకారానికి ఒకదానిలో ఒకటిగా మూడు లూప్‌లు కూడా వేశాడు. అన్నిటికంటే లోపలి లూప్‌లో ఉండాల్సిన ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. ప్రోగ్రామ్ నడవదు కదా, నడవనిదానికి మార్కులెందుకిస్తారు అనుకుని మొత్తం పేజీని అడ్డంగా కొట్టేశాడు. కొట్టేసిన జవాబును దిద్దేవారు చూడరు. అలాగే వదిలేసి ఉంటే తక్కువలో తక్కువ నాలుగైదు మార్కులు పడేవి. వాడికి కావలసింది రెండు.

కాగితం మీద ప్రోగ్రామును దిద్దేది మనిషి. ఆ మనిషి చేతిలో ఒక స్కీమ్ ఉంటుంది. ఏ భాగానికి ఎన్ని మార్కులో అందులో రాసి ఉంటుంది. దీన్నే మనం స్టెప్ మార్కులు అంటాం. ఫిజిక్స్‌లో సూత్రానికి ఒక మార్కు, ప్రతిక్షేపణకు ఒక మార్కు ఇచ్చినట్టే ఇక్కడా ఇస్తారు. ఈ సంగతి మాకు చెప్పినంత మాత్రాన ఎక్కలేదు. మేమే పేపర్లు దిద్ది చూసినప్పుడు ఎక్కింది.

అది ఎలా జరిగిందంటే, సప్లిమెంటరీకి నెల ముందు స్టడీ అవర్‌లో భోజనశాల బోర్డు మీద ఒక ప్రశ్న రాసుకున్నాం. 'ఎన్ సంఖ్యలను చదివి వాటిలో అతి పెద్ద సంఖ్యను ముద్రించే ప్రోగ్రామ్ రాయండి. 10 మార్కులు.' మావాడు పుస్తకం చూడకుండా రాశాడు. మిగతా ముగ్గురం, జూనియర్ ఒకడు, వేర్వేరుగా కూర్చుని ఒకరి మార్కులు ఒకరికి చూపకుండా దిద్దాం. ఒకరు 3 వేశారు, ఒకరు 9, ఒకరు 6, ఇంకొకరు 7. గొడవ మొదలైంది. మూడు వేసినవాడి వాదన ఏమంటే, చరరాశులు ప్రకటించిన చోట సెమికోలన్ లేదు, ఇది కంపైలే కాదు, మూడు కూడా దయతో వేశాను అని. తొమ్మిది వేసినవాడు అసలు ఆ సెమికోలన్ లేదన్నదే చూడలేదు. వంట మాస్టర్ వచ్చి దీపాలు ఆర్పుతానని బెదిరించే దాకా తేలలేదు.

మర్నాడు మా కాలేజీ సార్ దగ్గరికి ఆ కాగితం పట్టుకుపోయాం. ఆయన నవ్వి, బోర్డు మీద తన స్కీమ్ రాశారు. హెడర్ ఫైలు, మెయిన్, ప్రకటనలకు 2. సంఖ్యలు చదవడానికి 2. పోల్చే తర్కానికి 4. ఫలితం ముద్రించడానికి 1. నమూనా ఇన్‌పుట్, అవుట్‌పుట్ రాసినందుకు 1. అప్పుడు ఆయనే దిద్దారు. ప్రకటనలో సెమికోలన్ లేదు, అర మార్కు తీశారు. చదివే లూప్ సున్నా నుంచి ఎన్ కంటే తక్కువ వరకు తిరగాలి, మావాడు 'తక్కువ లేదా సమానం' అని పెట్టాడు. అంటే అయిదు గదుల అర్రేలో ఆరో గదికి పోతున్నాడు. ఇంకో అర మార్కు. పోల్చే దగ్గర మ్యాక్స్‌కు మొదటి విలువ సున్నా ఇచ్చాడు. ఒక మార్కు తీశారు. నమూనా అవుట్‌పుట్ రాయలేదు, అది పూర్తిగా పోయింది. చివరికి 7 వచ్చింది. మూడు తప్పులు, ఒక లోపం ఉన్న ప్రోగ్రామ్‌కు ఏడు మార్కులు! మావాడు ఆ కాగితాన్ని చాలా రోజులు ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాడు.

సార్ ఇంకో మాట కూడా చెప్పారు. దిద్దేవారి ముందు కట్టలు కట్టలు ఉంటాయి. ఎడమ వైపు కొంచెం జరిపి లూప్ లోపలి వాక్యాలు రాస్తే, బ్రాకెట్లు తెరిచిన చోటుకు సరిగ్గా కింద మూస్తే, ఎక్కడ ఏముందో కంటికి వెంటనే దొరుకుతుంది. గుర్తురాని వాక్యం దగ్గర ఖాళీ వదిలి, అక్కడ ఏం జరగాలో కామెంటుగా ఒక లైను రాస్తే తర్కం తెలుసునని వారికి అర్థమవుతుంది. నమూనా అవుట్‌పుట్‌కు పట్టేది ఒక నిమిషం. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ప్రత్యేకంగా చెబుతున్నాం. మిగతా పేపర్లలో ఇంగ్లీషు వాక్యం కుదరక మన మార్కులు పోతాయి. ఈ పేపరులో ఫర్ లూప్‌కు వ్యాకరణం అందరికీ ఒక్కటే. కాన్వెంటులో చదివినవాడు రాసినా మనం రాసినా అదే లూప్. ముందు ప్రోగ్రామ్ రాయండి, వివరణ తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో రాయండి.

ఇక క్విజ్. ఇక్కడ స్టెప్ మార్కులు ఉండవు. కీలో ఉన్నదే జవాబు. మా మిడ్ బిట్ పేపర్లో తప్పుకు మార్కు తీసేవారు కాదు కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలకూడదు. కానీ ఈ అలవాటుతోనే గేట్ పరీక్షకు పోతే దెబ్బ తింటాం. గేట్‌లో నాలుగు ఐచ్ఛికాల నుంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలకు ఒక మార్కు ప్రశ్న తప్పైతే మూడో వంతు మార్కు, రెండు మార్కుల ప్రశ్న తప్పైతే మూడింట రెండు వంతుల మార్కు తీసేస్తారు. సంఖ్యను జవాబుగా ఇచ్చే ప్రశ్నలకు ఆ కోత లేదు.

క్విజ్‌లో ఎక్కువగా వచ్చేది 'దీని అవుట్‌పుట్ ఎంత' అన్న ప్రశ్న. దీనికి మనసులో లెక్క వేయకండి. కాగితం మీద పట్టిక గీయండి. ఉదాహరణకు ఎస్ విలువ 0, ఐ 1 నుంచి మొదలై 5 దాకా రెండేసి పెరుగుతుంది, ప్రతిసారీ ఎస్‌కు ఐ కలుపుతున్నాం అనుకోండి. ఐ వరుసగా 1, 3, 5 అవుతుంది. ఎస్ వరుసగా 1, 4, 9 అవుతుంది. లూప్ అయ్యాక ఎస్ 9, ఇది చాలామంది రాస్తారు. ఐ ఎంత అంటే 5 అని రాస్తారు. కాదు, 7. అయిదు తర్వాత కూడా రెండు పెరిగి, షరతు తప్పాకే కదా బయటికి వచ్చింది. కంప్యూటర్ లేని హాస్టల్ గదిలో ఈ పట్టికే మన కంప్యూటర్. అలాగే 5ను 2తో భాగిస్తే సి భాషలో 2 వస్తుంది, 2.5 రాదు. ఆ ఫలితాన్ని ఫ్లోట్ చరరాశిలో పెట్టి ముద్రించినా 2.000000 అనే వస్తుంది, ఎందుకంటే భాగహారం ముందే అయిపోయింది. ఇఫ్ షరతులో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెడితే అది పోలిక కాదు, విలువ ఇవ్వడం. ఈ మూడు బిట్లు మేము రాసిన ప్రతి పరీక్షలో ఏదో ఒక వేషంలో వచ్చాయి.

అయితే కీ కూడా కొన్నిసార్లు తప్పుతుంది. ఇంట్ చరరాశికి ఎన్ని బైట్లు అని అడిగితే పాత పుస్తకాల్లో 2 అని ఉంటుంది. అది టర్బో సి కాలం మాట. ఇప్పుడు ల్యాబ్‌లో వాడే జీసీసీలో 4 వస్తుంది. ఒక మిడ్‌లో మేము 4 పెట్టాం, కీలో 2 ఉంది. ఇంకోసారి ఒకే వాక్యంలో ఐని రెండు చోట్ల పెంచి, ఒకటి ముందు, ఒకటి వెనక, మొత్తం ఎంత అని అడిగారు. సి భాష ప్రమాణం ప్రకారం అలాంటి వాక్యానికి నిర్దిష్టమైన ఫలితమే లేదు. ఒక కంపైలర్ ఒకటి చెబుతుంది, ఇంకోటి ఇంకోటి చెబుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ మేము వాదనకు దిగలేదు. ల్యాబ్‌లో నడిపి చూపించి, "సార్, ఇలా వస్తోంది, ఒకసారి చూడండి" అని అడిగాం. మొదటిదానికి అందరికీ మార్కు కలిపారు. రెండోదానికి కలపలేదు. అడగడంలో తప్పు లేదని మాత్రం తెలిసింది.

ల్యాబ్ పరీక్ష వేరే రకం. మా నిబంధనల్లో ల్యాబ్‌కు కూడా ఇంటర్నల్ 40, చివరి పరీక్ష 60. ఆ 60లో రైట్‌అప్‌కు 10, ప్రోగ్రామ్‌కు 15, ఫలితాలకు 15, అదే ల్యాబ్‌లోని ఇంకో ప్రోగ్రామ్ గురించి చెప్పడానికి 10, వైవాకు 10. చూశారా, ప్రోగ్రామ్ నడవడం అన్నది మొత్తంలో ఒక భాగమే. నడవకపోయినా రైట్‌అప్‌లో ఆల్గారిథమ్, ఫ్లోచార్టు సరిగా ఉంటే, వైవాలో జవాబు చెబితే ల్యాబ్ పోదు. నడిచినా, ఎందుకు నడిచిందో చెప్పలేకపోతే పోతుంది. రికార్డులో ఉన్నది బట్టీ పట్టి టైప్ చేసినవాడిని బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు. మ్యాక్స్‌కు సున్నా పెట్టిన మా ప్రోగ్రామే తీసుకోండి. 4, 9, 2, 7, 5 ఇస్తే 9 చూపిస్తుంది. అంతా బాగానే ఉంది అనుకుంటాం. ఆయన వచ్చి -3, -7, -1 ఇచ్చారనుకోండి. జవాబు -1 రావాలి. మన ప్రోగ్రామ్ 0 చూపిస్తుంది. ఇచ్చిన సంఖ్యల్లో లేని సంఖ్య! మ్యాక్స్‌కు మొదట సున్నా కాకుండా అర్రేలోని మొదటి సంఖ్యనే ఇస్తే ఈ ఇబ్బంది రాదు. కాగితం మీద ఒక మార్కు పోయిన తప్పు ఇక్కడ ఎగ్జామినర్ ముందు నోరు మూయించే తప్పు అవుతుంది.

నాలుగో రకం, మనిషే లేని దిద్దుబాటు. ఇది కొత్తదేమీ కాదు. అమెరికాలోని రెన్సెలార్ పాలిటెక్నిక్‌లో విద్యార్థుల ప్రోగ్రాములను కంప్యూటరే దిద్దే పద్ధతి గురించి జాక్ హాలింగ్స్‌వర్త్ 1960లోనే వ్యాసం రాశారు. అప్పుడు ప్రోగ్రాములు అట్ట కార్డులకు రంధ్రాలు కొట్టి ఇచ్చేవారు. ఇప్పుడు ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు, ఉద్యోగాల కోడింగ్ పరీక్షలు ఇలాగే దిద్దుతారు. యంత్రం మన కోడ్‌ను చదవదు. కొన్ని ఇన్‌పుట్‌లు ఇస్తుంది, వచ్చిన అవుట్‌పుట్‌ను తన దగ్గరున్న జవాబుతో పోలుస్తుంది. వీటిని టెస్ట్ కేసులంటారు. కొన్ని మనకు కనిపిస్తాయి, కొన్ని దాచిపెడతారు. అన్నీ రుణ సంఖ్యలు, ఒకే ఒక సంఖ్య, అన్నీ సమానం, ఇలాంటివి ఆ దాచినవాటిలో ఉంటాయి.

మాలో ఒకడు మొదటిసారి అలాంటి పరీక్ష రాసి అన్ని కేసుల్లో ఫెయిలయ్యాడు. తర్కం సరిగానే ఉంది. మ్యాక్స్ కూడా సరిగానే పెట్టాడు. మరి తప్పెక్కడ? ల్యాబ్‌లో అలవాటైనట్టు 'సంఖ్యలు ఇవ్వండి' అని ఇంగ్లీషులో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టాడు. ల్యాబ్‌లో మేడం అది లేకపోతే ఊరుకునేవారు కాదు. యంత్రానికి మాత్రం 9 రావలసిన చోట ఒక వాక్యం, దాని పక్కన 9 వచ్చింది. పోలిక కుదరలేదు, సున్నా. ఒకే ప్రోగ్రామ్‌కు ల్యాబ్‌లో మెప్పు, యంత్రం దగ్గర సున్నా. ప్రశ్నలో అవుట్‌పుట్ ఎలా ఉండాలన్నారో అక్షరం కూడా మార్చకుండా అలాగే రావాలి. సగం రాసినదానికి కాగితం మీద మార్కులుంటాయి, ఇక్కడ కంపైల్ కాకపోతే ఏమీ ఉండదు. అందుకని యంత్రం దగ్గర ముందు చిన్నదైనా నడిచే ప్రోగ్రామ్ పెట్టి, తర్వాత మెరుగుపరచుకుంటూ పోవాలి. ఎన్ని కేసులు పాసైతే అన్ని మార్కులు ఇచ్చే పరీక్షల్లో ఇది బాగా పనిచేస్తుంది.

ఎన్‌పీటీఈఎల్ గురించి అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. సాధారణంగా ఆ కోర్సుల్లో 25 మార్కులు వారం వారం అసైన్‌మెంట్లకు, 75 కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు. పన్నెండు వారాల కోర్సయితే ఉత్తమంగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. సర్టిఫికెట్‌కు 25లో 10, 75లో 30 విడివిడిగా రావాలి. ఇక్కడా గడపలు వేర్వేరే. కొన్ని ప్రోగ్రామింగ్ కోర్సుల్లో కోడింగ్ పరీక్షకు వేరే వాటా ఉంటుంది. కోర్సు పేజీ చూసుకోండి.

కాపీ సంగతి దాచడం మాకిష్టం లేదు. అసైన్‌మెంట్ 5 మార్కులే కదా అని ఒకరి కోడ్ నలుగురు రాస్తారు, ఇప్పుడైతే ఫోన్‌లో చాట్‌జీపీటీని అడిగి రాస్తున్నారు. చరరాశుల పేర్లు మారిస్తే దొరకమని అనుకోవద్దు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1994లోనే అలెక్స్ ఐకెన్ తయారు చేశారు, అది పేర్లను పట్టించుకోదు, ప్రోగ్రామ్ అల్లికను పోలుస్తుంది. అయినా దొరకడం, దొరకకపోవడం కాదు. అసైన్‌మెంట్‌లో వచ్చిన 5 మార్కులు ఉంటాయి, వైవా బల్ల ముందు మనం ఒంటరిగా ఉంటాం.

మావాడు సప్లిమెంటరీలో 60కి 38 తెచ్చుకున్నాడు. ఈసారి కూడా ఒక ప్రశ్నలో ఒక వాక్యం గుర్తు రాలేదట. కామెంటు రాసి వదిలేశాడు, కొట్టలేదు.

మేము దిద్దుకున్న పాత పేపర్లు, సార్ రాసిచ్చిన స్కీములు, ల్యాబ్ వైవా ప్రశ్నల నోటుబుక్కు రెండో అంతస్తు చివరి గదిలో కిటికీ పక్క ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తాళం లేదు. తీసుకున్నవారు పేరు, తేదీ పైన ఉన్న కాగితం మీద రాయండి. ఆదివారం స్టడీ అవర్‌లో భోజనశాల బోర్డు దగ్గర ఒక ప్రశ్న పెడతాం. రాసినవారు పక్కవాడికివ్వాలి, పక్కవాడు స్కీమ్ పెట్టుకుని దిద్దాలి. వచ్చేటప్పుడు ఎర్ర పెన్ను ఒకటి తెచ్చుకోండి.